ఆ మేక ఫీజు కాదు సార్

పొద్దున్నే ఉగాండా రాజధాని కంపాలాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఫోటో పెట్టాడు. మామిడిచెట్టు కింద చిన్న పీటల మీద ఏడెనిమిది మంది ముసలివాళ్లు, వాళ్లకెదురుగా తల దించుకుని ఇద్దరు కుర్రాళ్లు, పక్కన గుంజకు కట్టేసిన మేక. కింద ఆయన రాసింది: "అరువా సుప్రీంకోర్టు. జడ్జిగారి ఫీజు మేక." దానికి నలభై దాకా నవ్వుల బొమ్మలు. ఇది నవ్వే విషయం కాదండీ అని నేను రాస్తే "లైట్ తీసుకో తమ్ముడూ" అన్నారు. తీసుకోను. ఎందుకు తీసుకోవాలి?

అరువా అంటే ఉగాండా వాయవ్య మూలన, కాంగో సరిహద్దు దగ్గరున్న ఊరు. నేను అక్కడ ఆరేళ్లు ఉన్నాను. రేకులు, సిమెంటు, మేకులు అమ్మే షాపులో పని. కంపాలాలో బస్సెక్కి, పక్వాచ్ దగ్గర నైలు దాటి వెళ్లాలి. నవ్విన ఆ నలభై మందిలో ఆ వంతెన దాటినవాళ్లు ఎంతమంది?

ఫోటోలో ఉన్నవాళ్లు లుగ్బారాలు, అరువా చుట్టుపక్కల ఉండే తెగ. పూర్వం వాళ్లకు రాజు లేడు, సైన్యం లేదు, జైలు అసలే లేదు. మరి తగువులు ఎలా తీరేవి? ఇంటిపేరు ఒకటైన కుటుంబాలకు ఒక పెద్దమనిషి ఉంటాడు, బా వారా అంటారు. చనిపోయిన పెద్దల గుళ్లు ఆయన చూసుకుంటాడు. కుర్రాడెవడైనా కట్టుబాటు తప్పితే ఆయన వెళ్లి పూర్వీకులకు చెప్పుకునేవాడు. వాడికి జబ్బు చేస్తే అది వాళ్లు పంపిందే అని అందరికీ నమ్మకం. సోదె అడిగి, ఎవరి పట్ల తప్పు జరిగిందో తేల్చుకుని, బలి ఇచ్చి, ఆ మాంసం అందరూ పంచుకుని తినేవాళ్లు. రెండు వంశాల మధ్య పగ మరీ ముదిరితే వాన కురిపించే ఆయన కలగజేసుకునేవాడు. ఆయన శాపానికి భయపడి బాణాలు దించేవాళ్లు. చేతిలో ఒక్క లాఠీ లేకుండా జనాన్ని ఆపడం చిన్న విషయమా? 1900 ప్రాంతంలో బెల్జియంవాళ్లు, 1914 నుంచి బ్రిటిష్‌వాళ్లు వచ్చి, చీఫ్‌లు లేని జనం మీద చీఫ్‌లను తెచ్చి కూర్చోబెట్టారు. పన్నులు వసూలు చేసే మనిషి చేతికే తీర్పు చెప్పే అధికారం కూడా ఇస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఫోటోలో మేక ఎందుకో, నేను కళ్లారా చూసిన ఇంకో తగువుతో చెప్తాను. మా గోడౌన్ కుర్రాడు బైక్ మీద సిమెంటు బస్తా వేసుకుని వెళ్తూ పక్క ఊరి పిల్లను గుద్దాడు. తొమ్మిదేళ్ల పిల్ల, కాలు విరిగింది. స్టేషన్‌లో కాగితం రాసుకున్నారు, రెండు నెలలైనా ఎవరినీ పిలవలేదు. తర్వాత రెండు వైపుల పెద్దలు కూర్చున్నారు, నేనూ వెళ్లాను. అందరి మాటా అయ్యేదాకా ఎవరూ ఎవరినీ మధ్యలో ఆపలేదు. ఆసుపత్రి ఖర్చు మా కుర్రాడి వాళ్లే పెట్టుకోవాలన్నారు. ఇక లేస్తారేమో అనుకుంటుంటే ఒక ముసలాయన అడిగాడు: "ఈ పిల్ల రోజూ ఇంటికి నీళ్లు మోసేది కదా, ఇప్పుడు ఎవరు మోస్తున్నారు?" పిల్ల తల్లి చివర్లో చాప మీద కూర్చుని ఉంది. తానే, అని చెయ్యి ఎత్తింది. కాలు బాగయ్యేదాకా మా కుర్రాడి చెల్లెలు వెళ్లి ఆ ఇంటికి నీళ్లు పోయాలని చెప్పారు. పోసింది. పసుపుపచ్చ డబ్బా నెత్తిన పెట్టుకుని ఆ అమ్మాయి మా షాపు ముందు నుంచే రోజూ వెళ్లేది.

ఆ రోజే మేకను కోశారు. రెండు వైపులవాళ్లూ కూర్చుని ఎన్యాసా ముద్దతో ఆ కూర తిన్నారు. పిల్ల తండ్రి, మా కుర్రాడు ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టారు. అలాంటిదే సార్ ఆ ఫోటోలో మేక కూడా. ఎవరి ఫీజూ కాదు.

వాళ్లు దేవుళ్లని నేను అనను. మా వీధి చివర ఒక విధవరాలిని విషం పెట్టిందని అనుమానించారు. ఎన్యాన్యా అంటారు దాన్ని. ఆ మాట ఒకసారి పుట్టిందంటే ఇక విననే వినరు. గుడిసె తగలబెట్టారు. ఆమె ఒక మూట పట్టుకుని కాంగో సరిహద్దు వైపు నడిచి వెళ్లిపోయింది. చెట్టు కింద కూర్చునే పెద్దలు ఆ రోజు నోరెత్తలేదు. వాళ్ల మీద ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఆడవాళ్ల మాటకు అక్కడ విలువ తక్కువ, ఇది నిజం. కానీ ఫోటో చూసి నవ్వినవాళ్లకు ఆమె గురించి బాధ ఉందా? లేదు. వాళ్లు నవ్వింది పీటలు చూసి, చిరిగిన చొక్కాలు చూసి.

మన తాత రచ్చబండ మీద కూర్చుంటే పెద్దరికం, వాళ్ల తాత మామిడిచెట్టు కింద కూర్చుంటే కామెడీనా?

ఉగాండా ప్రభుత్వమే 2006లో చట్టం చేసి, ఊరి లోకల్ కౌన్సిల్ కోర్టులకు రాజీ చేయించే, నష్టపరిహారం ఇప్పించే, క్షమాపణ చెప్పించే అధికారం ఇచ్చింది. 2007లో సూడాన్‌లోని జూబాలో (ఇప్పుడది దక్షిణ సూడాన్) ఉత్తర ఉగాండా తిరుగుబాటుదారులతో ఒప్పందం రాసుకున్నప్పుడు, పక్క తెగలు పగ తీర్చుకుని రాజీపడే పద్ధతులను, అంటే అచోలీల మాతో ఒపుత్‌ను, మాదీల తోను చి కోకాను పేరు పెట్టి రాశారు. లుగ్బారాలది 'తదితరాలు'లో కలిసిపోయింది. వాళ్ల సంగతి ఎప్పుడూ ఇంతే. ఉగాండా నియంత ఇదీ అమీన్ పడిపోయాక, ఆయన వైపు జనమని సైనికులు వాళ్ల మీద పగ తీర్చుకుంటే సూడాన్‌కి, జైరేకి (ఇప్పటి కాంగో) పారిపోయారు. ఏళ్ల తర్వాత తిరిగి వచ్చినప్పుడు ఎవరి చేను ఎక్కడిదాకా అని చెప్పడానికి కాగితాలు ఎక్కడివి? ఏ చెట్టు నుంచి ఏ వాగు దాకా ఎవరిదో ఆ ముసలివాళ్లకే గుర్తు.

చేను అంటే గుర్తొచ్చింది. అసలు నాకు ఇంత మంట ఎందుకో కూడా చెప్పేస్తాను. మా నాన్నకు, బాబాయికి గట్టు తగువు. ముప్పై సెంట్లు. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుందామంటే, చదువుకున్నవాళ్లం మనకు పంచాయితీ ఏంటని ఇద్దరూ కోర్టుకే వెళ్లారు. పదిహేడేళ్లు. వాయిదా రోజు ఇద్దరూ ఒకే బస్సెక్కేవాళ్లు, ఒకరు ముందు సీట్లో, ఒకరు వెనక సీట్లో. అమ్మ ఇద్దరికీ చాలేలా పులిహోర కట్టేది. నాన్న సగం తిని మిగతాది తిరిగి తెచ్చేవాడు, తమ్ముడికి మాత్రం పెట్టేవాడు కాదు. లాయర్ వద్దన్నాడట, కేసు వీక్ అవుతుందని. పదిహేడేళ్లలో ఒక్క జడ్జీ, ఒక్క గుమాస్తా, మీ ఇద్దరూ కలిసి అన్నం తిని ఎన్నాళ్లయిందని అడగలేదు.

నాన్న పోయిన రోజు బాబాయి వచ్చాడు. గేటు దాకానే వచ్చాడు. నేను మంచినీళ్లు తీసుకెళ్తే గ్లాసు అందుకుని, చాలాసేపు పట్టుకుని, తాగకుండానే గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు. కేసు ఇంకా నడుస్తోంది. ఇప్పుడు వాది స్థానంలో నా పేరు ఉంది.

ఆ ఫోటో గ్రూపులోంచి తీసేయండి సార్.