గోడ లోపలి మహారాజులకు

ఇప్పుడే ఇంటికొచ్చాను. కాళ్లు పీకుతున్నాయి, ఫోన్‌లో చార్జింగ్ లేదు, అయినా ఇది రాసేదాకా నిద్ర పట్టేలా లేదు.

ఇన్‌గ్రెస్ అని ఊళ్లో నడుస్తూ ఫోన్‌లో ఆడే ఆట ఉంది కదా, అందులో ముగ్గురం కలిసి సాయంత్రం ఒక పెద్ద ఫీల్డు, అంటే మ్యాపు మీద త్రికోణం, ప్లాన్ చేశాం. లింకు వేయడానికి కావాల్సిన కీలు ముందే పోగేసుకున్నాం. దారికి అడ్డొచ్చే అవతలి జట్టు నీలం లింకులన్నీ ఒక్కొక్కటే తీసేశాం. త్రికోణంలో రెండు భుజాలు పడ్డాయి. మూడోది వేయబోతే అడ్డం! ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అని మ్యాపు పెద్దది చేసి చూస్తే, ఇంకెక్కణ్ణుంచి, బయటివాళ్లని రానివ్వని ఆ ఆవరణ గేటు లోపలి పోర్టల్ నుంచే. మా రెండో లింకు పడిందో లేదో, లోపల కుర్చీలో కూర్చున్న ఆయనగారు వేలు కదిపారు. అంతే, సాయంత్రమంతా గోవిందా.

ఇన్‌గ్రెస్ ఆడనివాళ్ల కోసం ఒక్క ముక్క. విగ్రహాలూ, ఫౌంటెన్లూ, గోడ మీద బొమ్మలూ ఇందులో పోర్టల్స్. రెండు జట్లు, ఆకుపచ్చ, నీలం. మాది ఆకుపచ్చ. పోర్టల్ నుంచి పోర్టల్‌కి గీసే గీత లింకు, అలా మూడు పోర్టల్స్ కలిపితే ఫీల్డు. ఒక లింకుని ఇంకో లింకు దాటదు. ఆట మొత్తం ఈ ఒక్క నియమం మీద నిలబడింది. దాటనివ్వకుండా చేయగలిగినవాడే రాజు. ఇక ఆ అడ్డులింకు మొదలు ఎవరూ వెళ్లలేని చోట ఉంటే?

సరే, కోపమొచ్చి గేటు దాకా వెళ్లాను. పోర్టల్‌ని పట్టుకోవాలంటే 40 మీటర్ల లోపుండాలి కదా. గేటుకి ఆనుకుని నిలబడితే ఆ వలయం అంచు లోపలి పూలకుండీల దాకా వెళ్లి ఆగింది. పోర్టల్ అయిన శిలాఫలకం ఆ అవతల, మలుపు తిరిగాక. సెక్యూరిటీ అన్న వచ్చి "ఏమ్మా, ఎవరి కోసం?" అన్నాడు. ఏం చెప్పను? లోపలి శిలాఫలకానికి రెజొనేటర్లు (పోర్టల్‌ని మనది చేసుకునే ఆట సామాను) పెట్టాలన్నా అని చెప్పనా? ఏమీ లేదని నసిగి పక్కకొచ్చాను. అతని మీద నాకు కోపం లేదు, అతని డ్యూటీ అతను చేశాడు.

పక్కకొచ్చి ఎనిమిదో లెవెల్ ఎక్స్‌ఎంపీలు, అంటే పోర్టల్‌ని పడగొట్టే ఆట బాంబులు, కాల్చాను. అవి 168 మీటర్లు పోతాయి కాబట్టి తగులుతాయి, కానీ దూరం పెరిగేకొద్దీ దెబ్బలో పస ఉండదు. నేను బయట కాలుస్తూనే ఉన్నాను, ఆయన లోపల రీచార్జ్ చేస్తూనే ఉన్నాడు. పోనీ పడగొట్టాననుకోండి, ఏం లాభం? పోర్టల్ తెల్లబడుతుంది, నేను దగ్గరికెళ్లి పట్టుకోలేను, నిమిషంలో మళ్లీ నీలం. బయటి కొన పగలగొడితే ఆ లింకు పోతుంది, నిజమే. జేబులోంచి ఇంకో కీ తీసి ఇంకో వైపుకి వేస్తాడు. మేం నడవాలి, ఆయన నొక్కాలి.

అప్పుడు వచ్చింది చాట్‌లో ఆయనగారి మెసేజ్. "లోపలికి రాలేనివాళ్లకి ఈ ఆటెందుకు మేడమ్?" పక్కన నవ్వు బొమ్మ. మేడమ్ అట! ఆ మర్యాద చూసి ఒళ్లు ఇంకా మండింది.

ఇప్పుడు కామెంట్లలోకి దిగుతారు న్యాయమూర్తులు. "రూల్ ప్రకారం కరెక్టే కదా, కొంతమందికైనా వెళ్లే వీలుంటే ఆ పోర్టల్ చెల్లుతుంది" అని. తెలుసండీ. ఆ రూలు నాకు కంఠతా వచ్చు. గేటెడ్ కాలనీ అయినా, సైనిక స్థావరమైనా, టికెట్ కొనాల్సిన పార్కయినా, లోపలివాళ్లకి నడిచి చేరే దారి ఉంటే చాలు. సొంత ఇళ్లు, పిల్లల బడులు మాత్రం కూడవు. బావుంది. ఆ కొంతమందీ ఒక్కడే అయితే? ఆ ఒక్కడు నెలల తరబడి ఊరందరి ఆట ఆపుతుంటే? దానికేమైనా రూలుందా? ఉంది, వెళ్లి అక్కడ ఉద్యోగంలో చేరడమే. రెజ్యూమెలో "పోర్టల్ కోసం" అని రాస్తాను, ఇంటర్వ్యూలో లెవెల్ పదహారు అని చెప్తాను, వెంటనే తీసుకుంటారు.

పోకెమాన్ గో ఆడేవాళ్లదీ ఇదే ఏడుపు. మన పోకెమాన్‌ని కాపలా పెట్టే చోటు జిమ్. అందులో పది నిమిషాలకో కాయిన్, రోజుకి 50 దాటదు. అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు ఎవరూ తోసేయకపోతే పూర్తి బత్తెం. బయటివాళ్లం గంట నిలిస్తే పండగ చేసుకుంటాం. తాళం వేసిన ఆవరణలో జిమ్ ఉన్నవాడికి అది నెలజీతం లెక్క. వాడే వచ్చి గ్రూపులో "కష్టపడితే కాయిన్లు వస్తాయి బ్రో" అని సలహాలిస్తాడు.

సైనిక స్థావరాలంటే గుర్తొచ్చింది. 2016లో ఈ పిచ్చి మొదలైన వారాల్లో ఇండోనేషియాలో ఒక ఫ్రెంచి ఆయన పోకెమాన్ పట్టుకుంటూ మిలిటరీ ఆవరణలోకి నడిచిపోయి పట్టుబడ్డాడు, కొన్ని గంటల తర్వాత వదిలేశారు. కెనడా సైన్యమైతే తన స్థావరాల్లో ఎక్కడెక్కడ జిమ్‌లున్నాయో వెతకమని మిలిటరీ పోలీసులకే ఫోన్లిచ్చి తిప్పింది. ఫోర్ట్ ఫ్రాంటెనాక్ అని కింగ్‌స్టన్‌లో ఉన్న కోట, జిమ్మూ అదే, ఐటమ్స్ దొరికే పోకెస్టాపూ అదే. అక్కడి అధికారి ఒకాయన అసలు ఈ రెండూ ఏంటో తనకి తెలియదని రాశాడు. తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. జీతం తీసుకుని పోకెమాన్ వెతికినవాళ్లు భూమ్మీద వాళ్లే అయ్యుంటారు, అదృష్టవంతులు.

అమెరికా సైనికుల ఆర్లింగ్టన్ శ్మశానం, నాజీలు జనాన్ని చంపిన ఆష్విట్జ్ క్యాంపు వాళ్లు ఇక్కడ ఆడొద్దని అడిగారు చూడండి, అది వేరే సంగతి. అక్కడ పోర్టల్ కోసం ఫోన్ తీసేవాడికి బుద్ధి లేదనే అంటాను. దీన్నీ దాన్నీ కలిపి నా మీదకి రావద్దు.

నన్ను మండించేది ఇంకోటి. పోకెమాన్ గో వల్ల ఇళ్ల దగ్గర జనం గుమిగూడుతున్నారని అమెరికాలో దాన్ని తయారుచేసిన నియాంటిక్ కంపెనీ మీద కేసు నడిచి, 2019లో రాజీ కుదిరింది. ఇంటికి 40 మీటర్ల లోపు పోకెస్టాప్ ఉంటే ఇంటివాళ్లు తీసేయమని అడగొచ్చని, కంపెనీ వీలైనంతవరకూ 15 రోజుల్లో తేల్చాలని అప్పుడు ఒప్పుకున్నారు. మంచిదే, ఆ ఇంటివాళ్ల బాధ నిజం. గోడ లోపలివాడి ప్రశాంతతకి ఒప్పందం కుదిరింది. గోడ బయట నడిచే మనకేముంది? ఫిర్యాదు పెట్టాలంటే "నడిచి వెళ్లే దారి లేదు" అని రాయాలి. దారి ఉంది కదా, ఆయనగారికి! రిపోర్ట్ అక్కడే చచ్చిపోతుంది.

నేను తీసేయమని కూడా అనట్లేదు. లోపలివాళ్లు లోపల పోర్టల్‌ని హ్యాక్ చేసుకుని రోజూ ఐటమ్స్ తెచ్చుకోండి, ఎవడొద్దన్నాడు. లింకులు మాత్రం గోడ దాటి బయటికి రాకూడదు. ఇదొక్కటే. నువ్వు మా మధ్యకి రానప్పుడు నీ గీత మా మధ్యలోంచి ఎందుకు పోవాలి? ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లలో ఒక్కరికి తట్టలేదా? ఇన్‌గ్రెస్ బీటా వచ్చింది 2012లో. పిల్లలు పుట్టి స్కూళ్లకెళ్లి వాళ్లూ ఆడుతున్నారు ఈపాటికి.

ఇక పొరపాటున మనవాళ్లెవరైనా ఏదో పని మీద నిజంగా లోపలికెళ్లి ఆ పోర్టల్‌ని ఆకుపచ్చ చేశారనుకోండి. క్షణంలో చాట్ నిండా "స్పూఫర్, స్పూఫర్, ఫేక్ జీపీఎస్" అని, దొంగ లొకేషన్ పెట్టి ఆడాడని గోల. స్క్రీన్‌షాట్లు తీసి రిపోర్టులు. అంటే వాళ్లు లోపలుంటే యాక్సెస్, మనం లోపలుంటే దొంగతనం. విజిటర్ పాస్ ఫొటో తీసి పెట్టినా నమ్మరు.

అసలు ఈ పెద్దమనిషి చరిత్ర కొత్తవాళ్లకి తెలియదు, చెప్తాను. అపార్ట్‌మెంట్ల మధ్య ఒక చిన్న ఫౌంటెన్ ఉండేది గుర్తుందా? చేప బొమ్మ నోట్లోంచి నీళ్లొచ్చేది, ఒక రెక్క విరిగిపోయి. దాన్ని పోర్టల్‌గా నామినేట్ చేసింది నేను. ఫొటో కోసం ఎండ తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను. దానికి గేటు కూడా పగలంతా తీసే ఉండేది, ఎవరైనా వెళ్లొచ్చు. అది మన జట్టు చేతుల్లో ఉందని చూడలేక, "ప్రైవేటు స్థలం, ఆటగాళ్లకి భద్రత లేదు" అని రిపోర్ట్ కొట్టిందెవరు? ఇదే మహానుభావుడు. పోర్టల్ పోయింది. పైగా చాట్‌లో ఏమన్నాడో తెలుసా? "ఆట అందరికీ అందుబాటులో ఉండాలి, అది నా సిద్ధాంతం." ఆ సిద్ధాంతం ఇప్పుడు గేటు లోపల ఏసీలో కూర్చుని లింకులేస్తోంది.

ఆ ఫౌంటెన్ పోయినప్పుడు నేను రివ్యూలు చేయడం మానేశాను. కొత్త పోర్టల్స్‌ని ఆటగాళ్లే పరీక్షించే వేఫేరర్ సైట్‌లో రాత్రిళ్లు మేలుకుని ఎవరెవరివో బెంచీలూ, బోర్డులూ పైసా తీసుకోకుండా పరీక్షించి ఓటేశాను నేను. చీకట్లో తీసిన మసక ఫొటోలు, ఎవడి కారు బొమ్మో, ఎవడి పెరట్లో తులసికోటో, అన్నీ చూశాను. అలాంటి ఓట్లతోనే ఆ లోపలి శిలాఫలకం కూడా పాసైంది. వివరణలో "ప్రశాంతమైన వాతావరణం" అని రాశారు. అక్కడికెవరూ రారు కాబట్టి ప్రశాంతంగానే ఉంటుంది మరి!

"పోనీలే, మనిషి మంచోడే, కలిసినప్పుడు బాగా మాట్లాడతాడు" అని మన జట్టులోనే ఇద్దరు ముగ్గురు ఇందాకట్నుంచి మెసేజ్‌లు పెడుతున్నారు. మీకో మాట. ఆటగాళ్లంతా కలిసే ఫస్ట్ సాటర్‌డేకి ఆయనొస్తే మీరే మాట్లాడండి. ఆ శిలాఫలకం కీ ఒకటి ఇమ్మని అడగండి, ఇస్తాడేమో చూద్దాం. గ్రూప్ ఫొటోకి మాత్రం నన్ను పిలవకండి.