వనామి ఎక్కడిది నాన్నా?
ప్రశ్నలు అడిగించే చదువు, ప్రపంచ దృష్టి ఖరీదైన ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియెట్ అనే అంతర్జాతీయ సిలబస్) స్కూళ్లకే కుదురుతాయని ఒకరు రాశారు, నేను ఒప్పుకోను. మాది భీమవరం దగ్గర పల్లె. రొయ్యల చెరువు గట్టు మీద, మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే పైకి లాగుతుంటే ఆరో తరగతి చదివే మా అమ్మాయి ఈ వనామి రొయ్య మనదేనా అంది. కాదమ్మా, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు, మన దేశంలో 2009లో అనుమతిచ్చారు అన్నాను. ఇక అమెరికావాళ్లు కొనకపోతే మన రేటెందుకు పడుతుంది, వాళ్లూ మనలా ఇగురు వండుకుంటారా అని రాత్రి అన్నాల దాకా ఒకటే ప్రశ్నలు. మర్నాడు బడిలో అడిగితే సిలబస్‌లో లేదు, కూర్చో అన్నారట. మనసు చివుక్కుమంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని బట్టీ పట్టిస్తారు గానీ, దాన్ని కట్టించిన కాటన్ కావేరి మీద చోళుల పాత రాతి ఆనకట్ట కల్లణై చూసి ఏం నేర్చుకున్నాడో పిల్లల్నే వెతకమనొచ్చు కదా! మాస్టార్లూ, ఒక్కసారి ఆనకట్ట దగ్గరికి తీసుకెళ్లండి, మా బడి పిల్లల బస్సు ఖర్చు నేనిస్తాను.