వుడ్‌వర్డ్‌ని చంపింది రసాయనాలు కావు

"ఆర్గానిక్ కెమిస్ట్రీ పరిశోధన: తల్లిదండ్రులకు హెచ్చరిక" అనే సందేశం కొన్నాళ్లుగా వాట్సాప్‌లో నన్ను వెంటాడుతోంది. మొదట బంధువుల గ్రూపులో వచ్చింది, తర్వాత పాత క్లాసువాళ్ల గ్రూపులో. చివరికి మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు గురించి పెట్టుకున్న గ్రూపునూ వదల్లేదు. పంపినవాళ్లలో నాతోపాటు ఎమ్మెస్సీ చదివినవాళ్లూ ఉన్నారు కాబట్టి జవాబు రాయక తప్పడం లేదు.

ఆర్గానిక్ కెమిస్ట్రీ, అంటే కార్బన్ సమ్మేళనాల శాస్త్రం గురించి ఆ సందేశంలో ఆరు అంశాలున్నాయి. సింథటిక్ అంటేనే విషం. మనవాళ్లు చేసేది పరిశోధన కాదు, విదేశీ మందులకు నకళ్లు తీయడం. ఇకపై ఆ పనీ కంప్యూటర్లే చేస్తాయి. ఈ రంగంలో ఉన్నవాళ్ల ఆయుష్షు తగ్గుతుంది. ఆడపిల్లలు చేరితే పిల్లలు పుట్టరు. పీహెచ్‌డీ అంటే గైడు దగ్గర వెట్టిచాకిరీ.

మొదటిదానికి రెండు వాక్యాలు చాలు. మూత్రంలో దొరికే యూరియాను జర్మన్ కెమిస్టు వోలర్ 1828లో ప్రయోగశాలలో తయారుచేసినప్పుడే ఈ తగువు తీరిపోయింది. సింథటిక్ విషమని ఫార్వర్డ్ చేసిన మా చిన్నాన్న వరి నాట్లు కాగానే సింథటిక్ యూరియా బస్తా కోసం క్యూలో నిలబడతారు.

నకళ్ల సంగతికి వద్దాం. 1970 నాటి పేటెంట్ల చట్టం మందు అణువుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంటు ఇచ్చింది. అంటే అదే అణువును వేరే దారిలో చేయగలిగితే మన కంపెనీలు అమ్ముకోవచ్చు. ఆ వేరే దారి కనిపెట్టడమే సింథటిక్ కెమిస్టు పని. అది సులువని రాసినవారు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. పది మెట్ల సంశ్లేషణలో (అణువును ఒక్కో చర్యతో కట్టుకుంటూ పోవడంలో) ప్రతి మెట్టులోనూ 80 శాతం దిగుబడి వచ్చిందనుకుందాం. చివరికి మిగిలేది 11 శాతం కూడా ఉండదు. మధ్యలో ఒక్క మెట్టు తగ్గించగలిగితే మందు ధర తగ్గుతుంది. గుంటూరు జిల్లావాడైన ఎ.వి.రామారావు హైదరాబాదులోని ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఉండగా ఎయిడ్స్ మందు ఏజడ్‌టీకి తయారీ పద్ధతిని రూపొందించి సిప్లా అనే మందుల కంపెనీకి అందించారు. తర్వాత 2001లో అదే సిప్లా మూడు ఎయిడ్స్ మందులను కలిపి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానంది. అప్పటికి అమెరికాలో ఆ చికిత్సకు ఏడాదికి పది వేల డాలర్ల పైనే అయ్యేది. దీన్ని నకలు అనదలిస్తే అనండి. ఆ నకలు వల్ల బతికినవాళ్లకు అభ్యంతరం ఉండదు. 2005 నుంచి అణువుకే పేటెంటు ఇస్తున్నారన్న సంగతి, అంటే పేటెంటు ఉన్న మందును వేరే దారిలో చేసినా అమ్మడం కుదరదన్న సంగతి సందేశం రాసినవారి దాకా ఇంకా చేరినట్టు లేదు.

కంప్యూటర్ల భయమూ కొత్తది కాదు. కోరీ, విప్కే అనే ఇద్దరు కెమిస్టులు కంప్యూటర్‌తో సంశ్లేషణ దారులు వేయించడం గురించి 1969లోనే ప్రచురించారు. అదే కోరీకి 1990లో నోబెల్ వచ్చింది. కెమిస్టుల ఉద్యోగాలు మాత్రం పోలేదు. కంప్యూటర్ దారి చెబుతుంది, నిజమే. కానీ పదార్థాలను విడదీసే సిలికా గొట్టం (కాలమ్) మీద రెండు పదార్థాలు విడిపోకుండా కలిసి దిగుతున్నప్పుడు, ఏవి విడిపోయాయో చూపే టీఎల్‌సీ పలకను యూవీ దీపం కింద పెడితే రెండు చుక్కలు ఒకదానికొకటి అంటుకుని కనిపిస్తున్నప్పుడు, కాలమ్‌లో పోసే ద్రావకం హెక్సేన్‌లో ఇథైల్ ఎసిటేట్ ఇంకో రెండు శాతం పెంచాలా, లేక పాళ్లు అలాగే ఉంచి ఓపిక పట్టాలా అన్నది చేయి తిరిగినవాడికే తెలుస్తుంది. పెంచితే రెండూ కలిసి కొట్టుకొస్తాయి. పెంచకపోతే రాత్రి పది దాటినా పరీక్షనాళికలు మారుస్తూ ఉండాలి.

ఇప్పుడు నాలుగోది. "ప్రపంచంలోనే గొప్ప ఆర్గానిక్ కెమిస్టు వుడ్‌వర్డ్ రసాయనాలు పీల్చి 62 ఏళ్లకే చనిపోయాడు" అని రాశారు. వయసు సరిగ్గానే రాశారు. 1917లో పుట్టి 1979లో పోయారాయన. పోయింది గుండెపోటుతో, నిద్రలో. సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చేవారు, విస్కీ ఇష్టం, నిద్ర తక్కువ. పైగా అంత పేరొచ్చాక ఫ్లాస్కు పట్టింది ఆయన కాదు, శిష్యులు. జూరిచ్‌లోని ఎషెన్‌మోసర్ బృందంతో కలిసి విటమిన్ బి12ను 1972లో సాధించేదాకా సుమారు వందమంది పరిశోధకులు ఆ పనిలో చేతులు పెట్టారు. రసాయనాలే చంపేటట్టయితే ముందు పోవలసింది వాళ్లు. ఒక్కరి చావును ఉదాహరణగా చూపితే లెక్క తేలిపోతుందంటే, నేను ఆల్బర్ట్ హాఫ్‌మన్‌ను చూపిస్తాను. స్విట్జర్లాండ్‌లో ఉద్యోగ జీవితమంతా ప్రయోగశాలలో గడిపి 102 ఏళ్లు బతికారు. రెండూ కాకి లెక్కలే. నావి కాకి లెక్కలని ఒప్పుకుంటున్నాను, అంతే తేడా.

ఇక ఆడపిల్లల మాట. పైన చెప్పిన నాలుగూ పనికిమాలినవి, ఇది మాత్రం హాని చేసేది. చీపురుపల్లి నుంచి తెలిసినాయన ఒకరు ఫోన్ చేసి, కూతురికి ఎమ్మెస్సీ ఆర్గానిక్‌లో సీటొచ్చిందని, ఈ సందేశం చూశాక వాళ్లావిడ ఏడుస్తోందని, ఫిజిక్స్‌కు మార్పిస్తే మంచిదా అని అడిగారు. అమ్మాయి ఏమంటోందని అడిగాను. "దాన్నింకా అడగలేదండీ" అన్నారు.

ఆర్గానిక్ కెమిస్టు అసీమా ఛటర్జీ కలకత్తాలో 1944లో డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) తీసుకున్నారు. భారతీయ విశ్వవిద్యాలయం నుంచి ఆ పట్టా పొందిన మొదటి మహిళ ఆమె. బిళ్ల గన్నేరు జాతి మొక్కల్లో దొరికే ఆల్కలాయిడ్లనే రసాయనాల మీద దశాబ్దాలు పనిచేశారు. 89 ఏళ్లు బతికారు. ఆమె కూతురూ ఆర్గానిక్ కెమిస్టే అయ్యారు. పిల్లలు పుట్టరన్న ఫార్వర్డు పాపం ఆ ఇంటికి ఆలస్యంగా చేరినట్టుంది.

ప్రమాదం లేదని నేననడం లేదు. బెంజీన్ రక్త కేన్సర్ తెస్తుంది, అందుకే వీలైన చోటల్లా టోలుయీన్ వాడతాం. డీఎంఎఫ్ కడుపులో బిడ్డకు హాని చేసే ద్రావకాల జాబితాలో ఉంది, గర్భిణులను ఆ పని నుంచి తప్పించాలి. 2008 డిసెంబరులో లాస్ ఏంజెలెస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో 23 ఏళ్ల ప్రయోగశాల సహాయకురాలు గాలి తగిలితే మండే టెర్షియరీ బ్యూటైల్ లిథియంను సిరంజిలోకి తీస్తుండగా పిస్టన్ ఊడి వచ్చింది. ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు, స్వెటర్ అంటుకుంది. పద్దెనిమిది రోజుల తర్వాత ఆమె చనిపోయింది. ఆమె ఆడది కావడం వల్ల జరిగింది కాదది. కోటు లేక, సరైన శిక్షణ లేక జరిగింది. మగపిల్లాడు నిలబడినా అలాగే మండేది.

ఆడవాళ్ల ఒంటి మీద ఇంత శ్రద్ధ ఉన్నవారు ఒకసారి జీడిపప్పు కర్మాగారాలున్న పలాస వెళ్లి రావాలి. జీడిపిక్క తొక్కలోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి, చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్ల కొసలు నల్లబడి, తోలు ఊడి ఉంటాయి. వాళ్లను ఆ పని మాన్పించమని ఏ సందేశమూ రాలేదు. అదే నూనెను వేడిచేస్తే అనకార్డిక్ ఆమ్లం కార్బన్ డయాక్సైడ్ వదిలి కార్డనాల్ అవుతుంది, దాంతో రెజిన్లు చేసి వాహనాల బ్రేకుల్లో వాడతారు. ఆ రసాయనం చదవాలంటే అమ్మాయికి ప్రమాదమట. ఆ నూనెలో చేతులు పెట్టడం మాత్రం పరవాలేదు!

ఆరో అంశం చదివాక సందేశం రాసినవారితో చేయి కలపాలనిపించింది. గైడు దగ్గర వెట్టిచాకిరీ అన్న మాటలో అబద్ధం లేదు. 2023 జనవరి నుంచి పీహెచ్‌డీ విద్యార్థుల భత్యం జేఆర్ఎఫ్‌కు (జూనియర్ ఫెలోషిప్) నెలకు 37,000, రెండేళ్లయ్యాక ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్ ఫెలోషిప్) 42,000 రూపాయలు ఇస్తున్నారు. కాగితం మీద బాగానే ఉంది, చేతికి నెలల తరబడి రాని సందర్భాలు నాకు తెలుసు. పేపరు మీద ఎవరి పేరు ముందుండాలో, సెలవు ఎప్పుడు దొరకాలో, థీసిస్ ఎప్పుడు ముగియాలో అన్నీ గైడు చేతిలోనే ఉంటాయి. మంచివాడు దొరికితే అదృష్టం, లేకపోతే అయిదేళ్లు ఏడేళ్లవుతాయి. అన్నీ పూర్తిచేసి సొంతూరి దగ్గర ఉద్యోగం చేద్దామంటే, పైడిభీమవరం మందుల కర్మాగారాల్లో ఎక్కువగా ఉండేవి ఉత్పత్తి షిఫ్టులు. పరిశోధన ఉద్యోగాలు హైదరాబాదులో. ఇవన్నీ పిల్లలకు ముందే చెప్పాలి.

చీపురుపల్లి ఆయనకు నేను చెప్పింది ఇదే. ముందు అమ్మాయిని అడగండి. చేరతానంటే ఎమ్మెస్సీకి వెళ్లనివ్వండి. పీహెచ్‌డీ దాకా వస్తే గైడుతో మాట్లాడే ముందు ఆయన దగ్గర ఇప్పుడున్న విద్యార్థులతో, వీలైతే మధ్యలో మానేసినవారితో మాట్లాడమనండి. ల్యాబు చూడటానికి వెళ్లినప్పుడు ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ముందు చిన్న కాగితం ముక్క పట్టుకుని అది లోపలికి లాగుతోందో లేదో చూడమనండి. లాగకపోతే గైడు ఎంత గొప్పవాడైనా వెనక్కి వచ్చేయమనండి.