‘ఫ్లోట్’కు లాటిన్ మూలం కాదు

‘ఫ్లోట్’ (తేలడం) అనే ఇంగ్లీషు మాట గురించిన ఒక వ్యాసంలో, అది లాటిన్‌లోని ‘ఫ్లూయెరె’ (ప్రవహించడం) నుంచి పుట్టిందని వ్యాసకర్త రాశారు. ఆ లాటిన్ క్రియ నుంచి వచ్చినది ‘ఫ్లూయిడ్’. ‘ఫ్లోట్’తో ఉచ్చారణలో పోలిక ఉన్నా ఆ లాటిన్ క్రియ ధాతువు వేరు. ‘ఫ్లోట్’ పాత ఇంగ్లీషులోని ‘ఫ్లోటియన్’ అనే జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ వంటి భాషల కుటుంబం) క్రియకు వారసురాలు. దాని వెనుక ప్రవహించడం, తేలడం, ఈదడం అనే అర్థాలుగల ఇండో-యూరోపియన్ (సంస్కృతం, లాటిన్, ఇంగ్లీషు వంటి భాషలకు ఉమ్మడి మూలభాష) ధాతువు ఉంది. సంస్కృత ‘ప్లు’ ధాతువు కూడా అక్కడిదే. మూలభాషలోని ‘ప’కారం జర్మానిక్ భాషల్లో ‘ఫ’కారమైందని (పితృ-ఫాదర్, పాద-ఫుట్ జంటల్లో చూసే మార్పే ఇది) గుర్తుంచుకుంటే, మన భౌతికశాస్త్ర పుస్తకాల్లోని ‘ఉత్ప్లవనం’, వాడుకలోని ‘జలప్లావనం’ ఈ మాటకు దూరపు చుట్టాలని సులభంగానే తెలుస్తుంది. ‘ఫ్లో’, ‘ఫ్లడ్’, నౌకాదళాన్ని సూచించే ‘ఫ్లీట్’ కూడా ఆ కుటుంబానివే.

అర్థాల విషయంలో ఆ వ్యాసం నీటి దగ్గరే ఆగిపోవడం నాకు లోటుగా తోచింది. ఒకచోట కట్టివేయకుండా వదిలిన ప్రతిదానికీ ఈ మాట విస్తరించింది. ప్రభుత్వం రేటు నిర్ణయించకుండా మార్కెట్‌కు విడిచిన కరెన్సీని ‘ఫ్లోటింగ్’ అంటారు. 1973 నాటికి ప్రధాన దేశాల కరెన్సీలు చాలావరకు ఆ స్థితికి వచ్చాయి. కంప్యూటర్లలోని ‘ఫ్లోటింగ్ పాయింట్’ పద్ధతిలో దశాంశ బిందువు అంకెల మధ్య ఒకే స్థానంలో స్థిరపడి ఉండదు కనుక దానికి ఆ పేరు. తాపీమేస్త్రి గోడను నునుపు చేసే పలకకూ ఇదే పేరుండటం మాత్రం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.