కరగని పెద్దమనిషికి ఒక మనవి

శ్రీయుత పాలీ హైడ్రాక్సీ బెంజోయిక్ ఆమ్లం గారికి,

హన్మకొండ నుంచి రాస్తున్నాను. మే నెల ఎండకు ఇక్కడ మనుషులమే కరిగిపోతున్నాం, ల్యాబ్‌లో ఏసీ పొద్దున్నే చేతులెత్తేసింది. పొడవాటి గొలుసు అణువుల పాలిమర్ అయిన తమరు మాత్రం 350 డిగ్రీల దరిదాపుల్లో లోలోపల కాస్త సర్దుకుని, గట్టిగానే కూర్చున్నారు. ఇంకా వేడిచేస్తే కరగకముందే మాడిపోతారు. ఈ పంతం చూసి మా సార్ టీ తాగడానికి వెళ్లిపోయారు.

మీ ఇంట్లో అన్నీ మేనరికాలే. బెంజీన్ వలయం, ఎస్టర్ బంధం, మళ్లీ బెంజీన్ వలయం. గొలుసు పొడవునా అదే పోలిక. అందుకే పక్కపక్కన అంత బిగుసుకుని కూర్చుంటారు, ఎవరు కదిలించినా కదలరు.

కాబట్టి బయటి నుంచి ఒక కోడలిని చూశాం. పేరు హైడ్రాక్సీ నాఫ్తోయిక్ ఆమ్లం. రెండు వలయాలు అతుక్కున్న మనిషి. గొలుసు ఆమె దగ్గరికి రాగానే పక్కకు ఒక అడుగు వేసి, మళ్లీ అదే దిక్కున సాగుతుంది. మోల్స్ లెక్కన మీరు 73 పాళ్లు, ఆమె 27. ఒక వరుసంటూ లేకుండా మీ మధ్య కూర్చుంటే స్ఫటికాల బిగువు సడలి, 280 డిగ్రీలకే కరుగుతారు. నిటారుతనం మాత్రం పోదు. కరిగాక కూడా గొలుసులన్నీ ఒకే దిక్కు చూస్తుంటాయి. ద్రవంలా పారుతూనే స్ఫటికంలా వరుస పాటించే ఇలాంటి స్థితి ద్రవస్ఫటిక దశ, అందులో ఈ రకం పేరు నెమాటిక్ దశ. ఇంతకంటే పరువు ఎక్కడ నిలుస్తుంది చెప్పండి?

ఇంకో సంబంధం కూడా ఉంది. 1976లో జాక్సన్, కుహ్‌ఫస్ అనే పరిశోధకులు మిమ్మల్ని సీసాల పెట్ పాలియెస్టర్‌తో కలిపారు. కానీ ఆ మెతక ముక్కలు మరీ ఎక్కువైతే ద్రవస్ఫటిక దశే మాయమవుతుంది. అంత మెత్తబడమని మేమూ అడగం.

1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త చేతిలో కొలెస్టెరిల్ బెంజోయేట్ 145.5 డిగ్రీలకు మబ్బుగా కరిగి, 178.5కు తేటపడింది. ఆ మబ్బే ద్రవస్ఫటిక దశ. పాలిమర్ కూడా కాదది, చిన్న అణువు. దానికున్న మర్యాద తమకు లేకపోతే ఎలా?

ఆ నాఫ్తోయిక్ కోడలు వచ్చిన ఇంటి దారమే వెక్ట్రాన్. 1997లో అంగారకుడి మీద నాసా వారి పాత్‌ఫైండర్ నౌకను ఎగిరెగిరి దింపిన ఎయిర్‌బ్యాగులు దానితో నేసినవే. ఒంటరిగా ఉంటే తమరిని కరిగించి ఒక్క దారం కూడా తీయలేం.

రేపు పది గంటలకు డీఎస్‌సీ స్లాట్ దొరికింది, అంటే పదార్థం ఏ వేడికి కరుగుతుందో గీత గీసి చూపే యంత్రం. కోడలితో కలిసి ఐదు మిల్లీగ్రాములు చాలు. అల్యూమినియం పాన్ మూత నొక్కి, నైట్రోజన్ తిప్పి కూర్చుంటాను. 280 దగ్గర, కరిగారనడానికి గుర్తుగా, చిన్న పీక్ కనిపించాలి. లేదంటే థీసిస్‌లో మీ పేరు పక్కన ఉత్త పోలికకు పెట్టిన ‘కంట్రోల్ శాంపిల్’ అని రాసేస్తా, ఆపై మీ ఇష్టం.

ఇట్లు,
టెన్షన్‌తో, మీ రీసెర్చ్ స్కాలర్