మా గేటుకు తెలివి వచ్చింది

మొన్న రాత్రి రెండు గంటలకు "మీ వాహనం ప్రాంగణంలోకి ప్రవేశించింది" అని మా ఇల్లు ప్రకటించింది. వరండాలో లైట్లన్నీ వెలిగాయి. లేచి చూస్తే వచ్చింది పంది. వరాహం వాహనం కాదు, అవతారమని ఇంటికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

మాది అనంతపురం. ప్రాంగణం అంటే గేటుకూ మెట్లకూ మధ్య, కారు పెడితే మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత జాగా. ఇన్నాళ్లూ కారు వచ్చిందని మాకెలా తెలిసేదంటే, కారు వచ్చేది. నేను హారన్ కొట్టేవాణ్ణి, ఎవరో ఒకరు గేటు తీసేవాళ్లు. ఇందులోని అనాగరికతను సంక్రాంతికి బెంగళూరు నుంచి దిగిన మా బావమరిది కనిపెట్టాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. "నువ్వొస్తాండావని ఇంటికి తెలియల్ల బావా. ఖర్చు కూడా ఏం లేదు" అన్నాడు. ఖర్చు లేదన్న మాట నమ్మి బాగుపడినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మొదట అల్ట్రాసోనిక్ సెన్సర్. మహా అయితే 150 రూపాయలు. రెండు గుండ్రటి కళ్లుంటాయి. ఒకటి మనకు వినపడని కేక వేస్తుంది, రెండోది ప్రతిధ్వని కోసం చెవి పెట్టుకుని ఉంటుంది. కేక తిరిగొచ్చిన టైమును బట్టి దూరం లెక్క. 4 మీటర్ల దాకా చూస్తుంది. చూస్తుంది సరే, కారుకూ బర్రెకూ తేడా తెలీదు. మా వీధిలో టైము పాటించేవి బర్రెలే. సాయంత్రం ఐదున్నరకు పదకొండు వస్తాయి. వరసగా పదకొండుసార్లు మా వాహనం ప్రాంగణంలోకి ప్రవేశించేది. "ఎన్ని కార్లు కొన్నావప్పా?" అని ఎదురింటాయన అడిగాడు. సంతోషంతో అడగలేదు.

తర్వాత పీఐఆర్, అంటే వేడిని బట్టి కదలికను పసిగట్టే సెన్సర్. వెనక గోడ వేడికీ ముందు కదిలే వస్తువు వేడికీ తేడా ఉంటేనే దానికి ఏదైనా కనపడేది. మే నెలలో మా ఊళ్లో గోడకూ 37 డిగ్రీల మనిషికీ తేడా ఎక్కడేడ్చింది? మధ్యాహ్నమంతా ఇంటిల్లిపాదీ దాని లెక్కలో మాయమైపోయాం.

గేటుకు ఒక అయస్కాంతం, స్తంభానికి ఒక రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరుందో దూరం జరిగిందో పసిగట్టే స్విచ్. గేటు తెరుచుకుంటే కారు వచ్చినట్టు. మరి గేటు తెరవడానికే కదా కారొచ్చిందని తెలియాల్సింది? ఈ మాట అడిగితే బావమరిది నా వైపు జాలిగా చూశాడు.

అసలు వైభోగం వైఫైది. నా ఫోన్ ఇంటి వైఫైలోకి వస్తే నేను వచ్చినట్టు, వదిలేస్తే పోయినట్టు. పైసా ఖర్చు లేదు. అయితే ఫోన్ బ్యాటరీ ఆదా కోసం కునుకు తీస్తుంది, కునుకులో వైఫై వదిలేస్తుంది. సంగటి ముందు కూర్చున్న నన్ను ఇల్లు సాగనంపి లైట్లార్పేసేది. చేతిలో ముద్ద, చెనిక్కాయ చట్నీ ఎటుందో తెలీదు. "నేనీడే ఉండాను" అని చీకట్లో నా సొంత ఇంటికే విన్నవించుకున్నాను. ఇక కరెంటు పోయి వచ్చిందా, రౌటర్ లేస్తుంది, ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా అందులోకి దూరుతాయి. నేను, నా భార్య, కొడుకు, తలా ఒక కారులో దిగినట్టు. మంత్రిగారి కాన్వాయ్. ఎండాకాలంలో రోజుకు మూడు కాన్వాయ్‌లు.

కారులో పెట్టిన బ్లూటూత్ బీకన్, అంటే "నేనిక్కడున్నా" అని రేడియోలో చాటుతూ ఉండే బుల్లి పరికరం, ఒక్కటే మర్యాదగా పనిచేసింది. కాబట్టి దాని గురించి చెప్పడానికేం లేదు.

ఆ పంది వచ్చిన రాత్రి నేను బయటికొచ్చేసరికి అమ్మ వరండాలో కూర్చుని ఉంది. "కారూ లేదు గీరూ లేదు, పందిరా. తరిమేసినా. పోయి పండుకో, నీళ్లింకా రాలే" అంది.

అమ్మకు డెబ్బై రెండేళ్లు. పడుకోబోయే ముందు కుళాయి తిప్పి వదిలేసి, దాని కింద స్టీలు బిందె బోర్లిస్తుంది. ఏ జామునో గొట్టంలో గాలి బుస్సుమంటుంది, నాలుగు చుక్కలు బిందె అడుగున సొట్ట మీద టంగుమంటాయి. లేచి బిందె తిప్పి పెడుతుంది. తప్పుడు కబురు చెప్పిన రాత్రి ఒక్కటీ లేదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఊరు మాది. తుంగభద్ర నీళ్లు ఎగువ కాలువలో పడి, పెన్న అహోబిలం రిజర్వాయర్‌లో ఆగి, పైపుల్లో ఇంత దూరం వస్తాయి. ఏ గంటకు వస్తాయో మాత్రం ఒక్కడూ చెప్పడు. వాల్వు తిప్పేవాడి చేతిలో ఫోనుంది, మా అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఒక్క మెసేజ్ పెట్టడానికి ఏం రోగం? ముసలామె చీకట్లో కాపలా కాయాలా? నేనైనా తక్కువ తిన్నానా. కారు దిగి గేటు తీసుకునే కాళ్లుండీ, నా రాకడ చాటడానికి ఐదు రకాల యంత్రాలు బిగించుకున్నాను, సిగ్గు లేకుండా. ఆమె నిద్ర కోసం ఒక్కటి లేదు.

ఇదే బావమరిదికి ఫోన్ చేసి కడిగేశాను. అంతా విని, "బిందెకు కూడా ఒక సెన్సర్ పెడదాం బావా, ఖర్చేం లేదు" అన్నాడు.

శనివారం వస్తాడట. గేటుకు లోపల తాళం వేసి పెట్టాను. హారన్ కొట్టుకోనీ.