యాభై దాటాక భుజం చిరిగితే ఆట అయిపోయినట్టేనా? తిరుగుతున్న ఒక సందేశానికి జవాబు

వెటరన్ షటిల్, వాలీబాల్ ఆటగాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. రాసిందెవరో తెలియదు. పంపేవాళ్ళు మాత్రం తోటివాళ్ళకు మేలు చేస్తున్నామనే పంపుతున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "యాభై దాటినవాళ్ళకు భుజం నొప్పి వచ్చి, ఎమ్మారైలో చిరుగు కనపడిందంటే ఆట అయిపోయినట్టే. ఆ వయసులో కుట్టినా అతకదు, ఆపరేషన్ డబ్బు దండగ. ఫిజియోథెరపీ చేస్తే చిరుగు ఇంకా పెద్దదవుతుంది. కట్టు కట్టించుకుని మూడు నెలలు చేయి కదపకుండా ఉంచండి. నొప్పి ఎక్కువైతే ఇంజెక్షన్ వేయించుకోండి. రాకెట్ పక్కన పడేసి నడక మొదలుపెట్టండి."

పెద్ద వయసు ఆటగాళ్ళకు భుజం దెబ్బల తర్వాత వ్యాయామాలు చేయించడం నా వృత్తి. ఇలాంటి మాటలు నమ్మి చేయి ముడుచుకు కూర్చున్నవాళ్ళు నెలలు గడిచాక నా దగ్గరికి వస్తున్నారు. అప్పటికి తల దువ్వుకోవడానికి కూడా చేయి లేవదు. అందుకే దీన్ని ముక్కముక్కగా విడదీసి జవాబు చెప్పాలనుకున్నాను.

"ఎమ్మారైలో చిరుగు కనపడిందంటే అయిపోయినట్టే." ముందు ఈ మాట సంగతి చూద్దాం. మన ఒంట్లో అన్ని కీళ్ళకంటే ఎక్కువ వైపులకు తిరిగేది భుజమే. చేతి ఎముక తల గుండ్రంగా, పెద్దగా ఉంటుంది. అది ఆనుకునే గిన్నె చిన్నది, లోతు లేనిది. ఆ తలను గిన్నెలో సరిగ్గా నిలబెట్టేవి నాలుగు కండరాలు, వాటిని ఎముకకు అతికించే టెండన్లు. ఈ మొత్తాన్నీ రొటేటర్ కఫ్ అంటారు. నలభై దాటినప్పటి నుంచీ ఈ టెండన్లలో, ముఖ్యంగా పైన ఉండే సుప్రాస్పైనేటస్‌లో, పోగులు కొద్దికొద్దిగా అరుగుతాయి. స్మాష్‌లు కొట్టినవాళ్ళకే కాదు, జన్మలో రాకెట్ పట్టనివాళ్ళకూ అరుగుతాయి.

1995లో అమెరికాలో భుజం నొప్పి ఏమాత్రం లేని 96 మందికి ఎమ్మారై తీసి చూశారు. మూడింట ఒక వంతు మందికి కఫ్‌లో చిరుగు ఉంది. 60 దాటినవాళ్ళనే లెక్కేస్తే 54 శాతం. వాళ్ళందరూ ఏ బాధా లేకుండా తమ పనులు తాము చేసుకుంటున్నవాళ్ళే. అంటే అరవై ఏళ్ళ మనిషి భుజానికి స్కాన్ తీస్తే చిరుగు కనపడటంలో వింత లేదు. నొప్పికి కారణం ఆ చిరుగే అని స్కాన్ ఒక్కటే తేల్చలేదు. చేయి ఎటు తిరుగుతోంది, ఎక్కడ బలం తగ్గింది, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే ఏమవుతోంది అన్నది పరీక్షించి చూసిన డాక్టరే చెప్పగలరు.

రిపోర్టులో ఉండే ఒక మాట కూడా చాలామందిని హడలగొడుతోంది. "ఫుల్ థిక్‌నెస్ టేర్" అని ఉంటే టెండన్ మొత్తం తెగి వేలాడుతోందని అనుకుంటారు. అది నిజం కాదు. చిరుగు టెండన్ మందంలో పై నుంచి కింది దాకా వెళ్ళిందని మాత్రమే దాని అర్థం. వెడల్పు ఒక సెంటీమీటరే ఉండొచ్చు. చుట్టూ మిగిలిన టెండన్ గట్టిగా పనిచేస్తూనే ఉండొచ్చు. డాక్టరును అడగాల్సింది వెడల్పు ఎంత, టెండన్ ఎంత వెనక్కి జరిగింది, కండరంలో కొవ్వు చేరిందా అనే.

ఈ సందేశం దాచేసిన పెద్ద తేడా ఒకటుంది. నా దృష్టిలో దీనివల్ల జరిగే అసలు నష్టం అక్కడే. ఏళ్ళ తరబడి అరిగి చిరిగిన భుజం వేరు, నిన్నటిదాకా బాగానే ఉండి ఒక్కసారి పడ్డాక చిరిగిన భుజం వేరు. కోర్టులో షటిల్ కోసం దూకి చేతిమీద పడ్డారు, లేదా స్కూటర్ మీంచి పడ్డారు. ఆ రోజు నుంచీ చేయి పైకి లేవడం లేదు. రెండో చేత్తో ఎత్తి వదిలేస్తే నిలబడకుండా కిందికి పడిపోతోంది. ఇలాంటివాళ్ళు మూడు నెలలు కట్టు కట్టుకుని కూర్చుంటే, తెగిన టెండన్ లోపలికి ముడుచుకుపోతుంది, కండరం చిక్కిపోయి కొవ్వుగా మారుతుంది. ఒకసారి కొవ్వుగా మారాక ఎంత గొప్ప సర్జన్ కుట్టినా అది మళ్ళీ కండరం కాదు. వీళ్ళు కొన్ని రోజుల్లోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

గూడ జారిన సందర్భంలోనూ అంతే. ఇరవై ఏళ్ళ కుర్రాడికి గూడ జారితే మళ్ళీ మళ్ళీ జారుతుందనే భయం. నలభై దాటినవాళ్ళకు మొదటిసారి జారితే కఫ్ చిరిగి ఉండే అవకాశం ఎక్కువ, భుజం మీదుగా వెళ్ళే నరం దెబ్బతినే అవకాశమూ ఉంది. కీలు మళ్ళీ కూర్చోబెట్టారు కదా అని ఊరుకోకూడదు. వారం పది రోజులైనా చేయి లేవకపోతే కఫ్‌కు స్కాన్ తీయించాల్సిందే.

ఇక "ఆ వయసులో కుట్టినా అతకదు." ఇందులో కొంత నిజం ఉంది, అది దాచను. వయసు పెరిగేకొద్దీ అతుకు తగ్గుతుంది. 2005లో ఫ్రాన్స్‌లో కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా, సుప్రాస్పైనేటస్ కుట్టిన 65 భుజాలను తర్వాత స్కాన్ చేసి చూస్తే, మొత్తం మీద 71 శాతం పూర్తిగా అతికాయి. 65 ఏళ్ళు దాటినవాళ్ళలో 43 శాతమే. పాత చీరకు కుట్టు వేస్తే దారం తెగదు, కుట్టు పక్కన బట్ట చిరుగుతుంది. టెండన్‌లోనూ అదే జరుగుతుంది. దానికి తోడు అదుపులో లేని షుగర్, సిగరెట్ ఉంటే అతుకు ఇంకా తగ్గుతుంది.

కానీ సందేశం రాసినవాళ్ళు ఇక్కడితో ఆగిపోయారు. కుట్టు పూర్తిగా అతకనివాళ్ళలో కూడా నొప్పి బాగా తగ్గి చేయి పనిచేయడం సర్జన్లు పదే పదే చూశారు. 2004లో అమెరికాలో పెద్ద చిరుగులు కుట్టిన 18 మందిని పరీక్షిస్తే 17 మందిలో టెండన్ మళ్ళీ చిరిగి ఉంది. అయినా ఎక్కువమంది నొప్పి తగ్గి, చేయి పైకెత్తగలుగుతున్నారు. నార్వేలో 103 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కుట్టి, రెండో జట్టుకు వ్యాయామాలతోనే వైద్యం మొదలుపెట్టి, పదేళ్ళ దాకా గమనించారు. అవి చిన్న, మధ్యస్థ చిరుగులు. అయిదేళ్ళకు తేడా స్వల్పమే. పదేళ్ళకు మాత్రం కుట్టించుకున్నవాళ్ళే మెరుగ్గా ఉన్నారు. వ్యాయామాల జట్టులో కొందరి చిరుగులు పెద్దవయ్యాయి, అది వ్యాయామం వల్లే అని మాత్రం ఆ పరిశోధన తేల్చలేదు. కాబట్టి యాభై అయిదేళ్ళ వయసులో, షుగర్ లేకుండా, ఇంకా పదిహేనేళ్ళు ఆడాలనుకునే మనిషికి చిన్న చిరుగు కుట్టించుకోవడం దండగ అనడానికి ఆధారం లేదు.

దండగ అని చెప్పదగ్గ ఆపరేషన్ ఒకటుంది, సందేశంలో దాని ప్రస్తావనే లేదు. చిరుగు లేకుండా, చేయి ఎత్తితే భుజం మీది ఎముక కింద ఒరుసుకుని నొప్పి వస్తోందని ఆ ఎముకను కొంచెం గీకే ఆపరేషన్ అది. 2018లో బ్రిటన్‌లో 313 మందితో చేసిన పరిశోధనలో, ఎముక గీకినవాళ్ళకూ, లోపల కెమెరా పెట్టి చూసి ఊరికే వదిలేసినవాళ్ళకూ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అదే ఏడాది ఫిన్లాండ్‌లో 210 మందితో చేసిన పరిశోధనలోనూ అదే తేలింది. మీకు ఎవరైనా ఈ ఆపరేషన్ చెబితే, వ్యాయామాలు సక్రమంగా చేసి చూశాకే ఆలోచించండి.

పేరున్న ఆటగాళ్ళ సంగతీ చెప్పాలి. సచిన్ టెండూల్కర్ 2006 మార్చిలో లండన్‌లో భుజానికి ఆపరేషన్ చేయించుకున్నాడు. సెప్టెంబరులో కౌలాలంపూర్‌లో వెస్టిండీస్ మీద 141 నాటౌట్. 2010లో గ్వాలియర్‌లో వన్డే డబుల్ సెంచరీ కొట్టేనాటికి అతనికి 36 ఏళ్ళు. అమెరికా ఈతగత్తె దారా టోరెస్ భుజానికి ఆపరేషన్ అయిన కొన్ని నెలలకే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో, 41 ఏళ్ళ వయసులో, మూడు రజతాలు గెలిచింది. వీళ్ళకు పూర్తికాలం ఫిజియోలు ఉన్నారు, మనకు లేరు. వాళ్ళ దెబ్బా మన దెబ్బా ఒకటే అని కూడా అనను. ఆపరేషన్ అయితే ఆట ముగిసినట్టే అనే మాట మాత్రం వీళ్ళ ముందు నిలవదు.

"ఫిజియోథెరపీ చేస్తే చిరుగు పెద్దదవుతుంది." దీని మీద నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే ఇది మనుషుల్ని సరైన మందుకు దూరం చేస్తోంది. అమెరికాలో పలుచోట్ల కలిసి చేసిన ఒక పరిశీలనలో, దెబ్బ తగలకుండా పూర్తి మందం చిరిగిన 452 మందికి పద్ధతి ప్రకారం వ్యాయామాలు చేయించారు. రెండేళ్ళకు ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళు నాలుగో వంతు లోపే. ఆపరేషన్‌కు వెళ్ళేదెవరో ముందే సూచించిన అంశాల్లో అన్నిటికంటే బలమైనది చిరుగు సైజు కాదు, వ్యాయామం వల్ల బాగవుతుందనే నమ్మకం లేకపోవడం. ఇలాంటి సందేశాలు నమ్మకాన్నే తినేస్తాయి కాబట్టి ఆ ఫలితం నన్ను బాధపెడుతుంది.

వ్యాయామం చిరుగును కుట్టదు. మిగిలిన మూడు కఫ్ కండరాలనూ, భుజం పైన ఉండే పెద్ద కండరం డెల్టాయిడ్‌నూ, రెక్క ఎముకను పట్టి ఉంచే వీపు కండరాలనూ ఆ లోటు భర్తీ చేసేలా తయారు చేస్తుంది. చంకలో మడిచిన తువ్వాలు పెట్టుకుని, మోచేయి ఒంటికి ఆనించి, రబ్బరు బ్యాండును బయటికి లాగే వ్యాయామం చూడటానికి చిన్నదే. మూడు నెలలు విడవకుండా చేసినవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది.

ఆపరేషన్ తర్వాత లెక్క వేరు. టెండన్ ఎముకకు పట్టుకోవడానికి సుమారు 12 వారాలు పడుతుంది. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్, అంటే చేతిని మెడకు వేలాడదీసే పట్టీ. ఆ రోజుల్లోనూ వేళ్ళు, మణికట్టు, మోచేయి మొదటి నుంచీ ఆడించాలి. సర్జన్ అనుమతిస్తే టేబుల్ పట్టుకుని ముందుకు వంగి చేయి వేలాడదీసి ఊపడం, రెండో చేత్తో కర్ర సాయంతో ఎత్తడం. తర్వాత సొంతంగా ఎత్తడం, 12 వారాల తర్వాతే బరువు. నొప్పి తగ్గింది కదా అని రెండో నెలలో నీళ్ళ బిందె ఎత్తి కుట్టు తెంపుకున్నవాళ్ళున్నారు. "కీహోల్ కదా, నెలలో ఆడేయొచ్చు" అనేవాళ్ళ మాటా ఈ సందేశమంత ప్రమాదమే.

"కట్టు కట్టి మూడు నెలలు కదపకండి." విరిగిన ఎముకకు కట్టు కట్టడం మన ప్రాంతంలో పాత విద్య, పుత్తూరు పేరు ఎరగనివాళ్ళు లేరు. టెండన్ ఎముక కాదు, కదపకుండా ఉంచితే దానంతటది అతుక్కోదు. పైగా నలభై నుంచి అరవై మధ్య వయసులో కదలని భుజం బిగుసుకుపోతుంది. ఫ్రోజెన్ షోల్డర్ అనేది ఇదే. షుగర్ ఉన్నవాళ్ళకు ఈ ముప్పు మరీ ఎక్కువ. బిగుసుకున్నది విడవడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు. చిన్న చిరుగుతో వచ్చి పెద్ద జబ్బు కొని తెచ్చుకోవడమే అది.

ఇంజెక్షన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. స్టెరాయిడ్ ఒకటి వేస్తే కొన్ని వారాలు నొప్పి తగ్గి వ్యాయామానికి వీలు దొరుకుతుంది, అంతవరకు మంచిదే. మళ్ళీ మళ్ళీ వేయిస్తే టెండన్ బలహీనపడుతుంది. ఆపరేషన్‌కు ముందు నెలలో వేయిస్తే చీము పట్టే ముప్పు పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకు కొన్ని రోజుల పాటు షుగర్ ఎక్కువవుతుంది, ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

చివరిది, రాకెట్ పక్కన పడేయమనడం. నడక మంచిదే, కానీ నడక భుజానికి ఏమీ చేయదు. కుట్టుతో బాగైనా, వ్యాయామంతో బాగైనా ఆటకు తిరిగి వెళ్ళే దారి ఉంది. అది ఒక వరసలో సాగుతుంది. ముందు కింది నుంచి సర్వీసు, నెట్ దగ్గర ఆట. తర్వాత భుజం ఎత్తులో నెట్ మీదుగా నేరుగా కొట్టే డ్రైవ్‌లు. ఆ తర్వాత తల మీంచి అవతలి కోర్టు చివరిదాకా ఎత్తుగా కొట్టే క్లియర్‌లు, ముందు సగం బలంతో. అన్నిటికంటే చివర స్మాష్, అదీ కుట్టు వేయించుకున్నవాళ్ళు ఆరు నుంచి తొమ్మిది నెలలు దాటాకే. ఏ మెట్టు దగ్గరైనా ఆ రాత్రి నొప్పితో నిద్ర పట్టకపోతే ఒక మెట్టు వెనక్కి. సింగిల్స్ వదిలి డబుల్స్‌కు మారినవాళ్ళు డెబ్బైలో కూడా ఆడుతున్నారు. కఫ్ కుట్టడానికి వీల్లేనంతగా పోయి కీలు అరిగినవాళ్ళకు సైతం, బంతి ఉండే చోట గిన్నెనూ గిన్నె చోట బంతినీ పెట్టే రివర్స్ కీలుమార్పిడి ఉంది. ఫ్రెంచ్ సర్జన్ పాల్ గ్రామోన్ 1985లో రూపొందించిన పద్ధతి అది. దాని తర్వాత స్మాష్‌లు కొట్టమని ఎవరూ చెప్పరు. ఈతకూ, నెమ్మదిగా ఆడే డబుల్స్‌కూ వెళ్ళినవాళ్ళు మాత్రం ఉన్నారు.